ఎదురు కుర్చీ

జూలై 8, మంగళవారం

ఈరోజు నా చేతులు నా మాట విన్నాయి. అందుకే రాస్తున్నాను.

మా మెడికల్ కాలేజీ సర్జరీ సొసైటీలో చేరి రెండేళ్లు దాటింది. ప్రతి మంగళవారం క్లాసులయ్యాక లైబ్రరీ కింది హాల్లో కూడతాం. సీనియర్లు జూనియర్లకు రబ్బరు చర్మం మీద ముడులూ కుట్లూ నేర్పుతారు. ఈ రెండేళ్లూ నేను చేసిందల్లా ఒకటే. నేర్పేవాళ్ల పక్కన నిలబడి, వాళ్ల కుడిచేతిని చూసి, బుర్రలో తిరగేసుకుని, నా ఎడమచేతిలోకి దించుకోవడం. ఆ దించుకోవడంలోనే ముడి సగం జారిపోతుంది. సూదిని పట్టుకునే పట్టకారు తాళం కూడా కుడి బొటనవేలికే లొంగుతుంది, నేను నొక్కితే మొరాయిస్తుంది. నీది పుర్రచెయ్యి, చూస్తుంటే మాకే కళ్లు తిరుగుతున్నాయని పోయినేడు ఒక సీనియర్ అన్నాడు. ఆయనగారి కళ్లు తిరిగినందుకు నేను సారీ కూడా చెప్పాను.

ఈరోజు సూది వచ్చింది. సూది అంటే మా సొసైటీ ప్రెసిడెంట్, నా క్లాసే, మొదటి ఏడాది నుంచీ నా పక్క బెంచీ. మనిషి సన్నం, మాట సన్నం, ఎక్కడ గుచ్చాలో బాగా తెలుసు. ఆ పేరు పెట్టింది నేనే. కుర్చీ ఒకటి బరబరా లాక్కొచ్చి, నా పక్కన కాకుండా నాకు ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"నా కుడిచెయ్యి నీకు ఎడమవైపు ఉంటుంది. బుర్రలో ఏమీ తిప్పకు. అద్దంలో చూసుకుంటున్నాననుకో" అంది.

అంతే. కుర్చీ జరపడం. రెండేళ్లుగా ఒక్కళ్లకీ తట్టలేదు, నాక్కూడా. గంటలో ఒంటిచేతి ముడి పడింది. జారలేదు. నేను దాన్ని లాగి లాగి చూస్తుంటే సూది నవ్వి, "చాలు, అది చచ్చిపోతుంది" అంది.

జూలై 22

ఎదురుగా కూర్చుంటే తెలిసిన సంగతి: ముడి బిగించేటప్పుడు సూది చిటికెన వేలు పైకి లేస్తుంది, పింగాణీ కప్పులో టీ తాగే దొరసానిలా. నేను వెక్కిరించాను. అది ముడిలో భాగమే, చాదస్తం కాదని దబాయించింది.

సూది ఫోన్‌ని పుస్తకాల దొంతరకి ఆనించి మా చేతుల్ని వీడియో తీస్తోంది. ఇంటికెళ్లి చూసుకుని నా తప్పులు చెబుతుందట. నా కోసం ఇంటికెళ్లాక కూడా కూర్చుని చూస్తోందంటే ఏమనాలి.

అమ్మకి చెప్పాను. అమ్మ బట్టలు కుట్టే షాపులో కటింగ్ చేస్తుంది. చిన్నప్పుడు నేను ఆవిడ కత్తెరతో గుడ్డలు చీల్చి పాడు చేస్తుంటే, కొట్టకుండా, ఎక్కడో వెతికి ఎడమచేతి కత్తెర కొనిచ్చింది. దాంతోనే చూపుడువేలు కోసుకున్నాను, మచ్చ ఇప్పటికీ కొడవలి ఆకారంలో ఉంది. "ఆ పిల్లని ఒకరోజు భోజనానికి పిలువు" అంది అమ్మ. అమ్మ ఎవరినైనా మెచ్చుకోవడమంటే అదే.

ఆగస్టు 5

కళ్లు మూసుకుని కూడా ముడి వేశాను.

మా సొసైటీలో ఒక అలవాటుంది. ఇళ్లకి వెళ్లే ముందు అందరూ వరసగా కూర్చుని "ఆఖరి ముడి" వేయాలి. ఒకరు టైమ్ చూస్తారు, ఫోన్ కెమెరా చేతుల మీదే ఉంటుంది, మొహాలు కనబడవు. ఈరోజు నేను రెండోదాన్ని. మొదటివాడు మామూలుగానే గడియారం. వాడి వేళ్లు టిక్కు టిక్కుమని తిరుగుతాయి కాబట్టి ఆ పేరు. సూది నా వీపు మీద ఒకటి చరిచింది. ఇంకా మండుతోంది, హాయిగా.

ఆగస్టు 12

సొసైటీకి సలహాదారు మా సర్జరీ మేడమ్. ఈరోజు వచ్చి చెప్పారు: సెలవుల్లో తన యూనిట్‌లో ఆపరేషన్ థియేటర్లో పక్కన నిలబడి పనిచేయడానికి ఈసారీ ఒక్క సీటు. అక్టోబర్‌లో టెస్ట్. చూడటం కాదు, చేతులు కడుక్కుని, గౌను వేసుకుని, నిజం మనిషి మీద దారం కత్తిరించడం. గడియారం నా వైపు చూశాడు. మొదటిసారి ఒకడు నన్ను పోటీ అనుకున్నాడు. ఇంటికొచ్చి రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాను.

తర్వాత మేడమ్ పరిశోధనల గోల ఎత్తారు. విద్యార్థుల సదస్సుకి ఈ ఏడు రెండు పోస్టర్లు వెళ్లాలట. తోటి విద్యార్థులు నేర్పితే ఎంత వస్తుంది, టీచర్లు నేర్పితే ఎంత వస్తుంది అన్నది ఒకటి, దాని పని నాది. రెండోది సూది చూసుకుంటుందట. ఒక్క ఆపరేషనూ చేయని వాళ్లం ఆపరేషన్ ఎలా నేర్పాలో లోకానికి చెబుతాం. నవ్వొస్తుంది కానీ, మూడేళ్ల కిందటి పోస్టర్ వల్లే కదా ఫస్టియర్ పిల్లల్ని కూడా ఈ హాల్లోకి రానిస్తున్నారు. అప్పటి సీనియర్లు ఆ లెక్కలు వేయకపోతే నేను ఈపాటికి ఎక్కడ ఉండేదాన్నో.

రెండో పోస్టర్ దేని మీద అని సూదిని అడిగాను. "చిన్నది, నీకు బోర్" అంది.

ఆగస్టు 26

సూది రాలేదు. అంటే హాల్లోకి వచ్చింది, నా దగ్గరికి రాలేదు. వాళ్ల నానమ్మకి బాగోలేదట, ఆస్పత్రిలో పెట్టారట, మనసు బాగోలేదట. గుమ్మం దగ్గర నిలబడే చెప్పి అటు తిరిగి వెళ్లిపోయింది.

ఎదురు కుర్చీ ఖాళీ. పాత పద్ధతిలో, సీనియర్ పక్కన నిలబడి చూశాను. అలవాటైన సుఖం పోయాక కష్టం రెండింతలు అనిపిస్తుంది.

ఆగస్టు 28

నానమ్మగారిని చూద్దామని మా ఆస్పత్రి ఆడవాళ్ల వార్డులు రెండూ తిరిగాను. ఆ ఇంటిపేరుతో ఎవరూ లేరు. వేరే ఆస్పత్రి అయి ఉంటుంది. మన దగ్గరే ఎందుకు చేరాలి, వాళ్లిష్టం.

సెప్టెంబర్ 2

రాలేదు. అవతలి టేబుల్ దగ్గర ఫస్టియర్ వాళ్లకి నేర్పుతోంది. నవ్వుతోంది కూడా. మనసు బాగోనప్పుడు మనుషులు కావాలనే నవ్వుతారు.

సెప్టెంబర్ 4

ఏమన్నాను నేను? చిటికెన వేలు వెక్కిరించాను. దొరసాని అన్నాను. అమ్మ భోజనానికి పిలవమంటే ఇంకా పిలవలేదు. ఆమె నోట్స్‌లో కాఫీ ఒలికించాను, కానీ అది మార్చిలో. మార్చి కోపం సెప్టెంబర్లో వస్తుందా?

మెసేజ్ పెట్టాను: నా వల్ల ఏదైనా తప్పు జరిగితే చెప్పవే. "ఛ, బిజీ" అని వచ్చింది. ఆ రెండు ముక్కల్ని ఎన్నిసార్లు చదివానో చెప్పను, సిగ్గుచేటు.

సెప్టెంబర్ 9

రాలేదు.

ఆఖరి ముడిలో నా దారం తెగింది. జారడం కాదు, తెగింది. అంత గట్టిగా ఎవరు లాగమన్నారు?

సెప్టెంబర్ 12

మేడమ్ ఎక్కడికో ప్రయాణం వెళ్లాలట, థియేటర్ సీటు టెస్ట్ ముందుకి జరిపారు. ఈ మంగళవారమే. సూది దగ్గరికి పరుగెత్తాను. ఒక్క సాయంత్రం నాకెదురుగా కూర్చో, టెస్ట్ అయ్యేదాకా ఇంకేమీ అడగను అన్నాను. మెట్ల మధ్యలో నిలబడి నా మొహం కాకుండా నా భుజం చూస్తూ, "కుదరదే, నిజంగా కుదరదు" అంది. ఆ గొంతు వణికింది. పాపం, నానమ్మ పరిస్థితి ఏమిటో. ఆ పరిస్థితిలో నా ముడుల గోల ఒకటి.

ఇంట్లో అల్మారా అద్దం ముందు కూర్చుని నా చేతుల్ని నేనే చూసుకున్నాను. అద్దంలో ఉన్నదీ నాలాగే తప్పులు చేస్తోంది.

సెప్టెంబర్ 16

పోయింది.

మూడు ముడులు, ఒక కుట్టు. రెండో ముడి దగ్గర చేతులు ఏది ముందో ఏది వెనకో మర్చిపోయాయి. నేను బుర్రలో తిప్పడం మొదలుపెట్టాను, ఇంక అంతే. కుట్టు దగ్గర తాళం తెరుచుకోక రబ్బరు చర్మం పైకి లేచొచ్చింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

మేడమ్ మంచిగానే చెప్పారు, అదే బాధ. "నీకు పట్టుదల ఉందమ్మా. కానీ ఇప్పటికైనా కుడిచేతికి మార్చుకో. థియేటర్లో అందరి చేతులూ ఒక వైపు నడుస్తుంటే నీది ఇంకో వైపు నడిస్తే కష్టం."

గడియారానికి సీటు వచ్చింది. వాడు వచ్చి షేక్‌హ్యాండ్ ఇవ్వబోయి, ఏ చెయ్యి చాపాలో తెలియక తికమకపడ్డాడు. టైమ్ చూసింది సూది. నా టైమ్ చదివినప్పుడు తల ఎత్తలేదు.

సెప్టెంబర్ 18

హాలు బయట మెట్ల మీద కూర్చుని కుడిచేత్తో ముడి వేయడానికి ప్రయత్నించాను. చిన్నపిల్ల అక్షరాల్లా వస్తోంది. ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే సూది పైనుంచి దిగింది, నన్ను చూసింది, ఒక్క క్షణం ఆగింది. తర్వాత గోడ వైపు జరిగి దిగిపోయింది.

దుఃఖంలో ఉన్నవాళ్లకి ఇంకొకళ్ల దుఃఖం చూసే ఓపిక ఉండదు.

సెప్టెంబర్ 23

వచ్చింది! కుర్చీ బరబరా లాక్కుంటూ వచ్చింది. ఆ చప్పుడు వినగానే దారం తీసి చేతిలో పట్టుకున్నాను. నానమ్మకి తగ్గిందట, ఇంటికి తీసుకొచ్చారట. నేనింకేమీ అడగలేదు. అడిగితే మళ్లీ లేచి వెళ్లిపోతుందేమోనని భయం.

మేడమ్ కుడిచేతికి మార్చమన్నారని చెబితే, "మార్చకు. నా మీద ఒట్టు" అంది. ఎప్పుడూ ఒట్లు వేసే మనిషి కాదు.

అక్టోబర్ 14

మళ్లీ నేనే రెండోదాన్ని, గడియారం కన్నా రెప్పపాటు వెనక. సీటు పోతే పోయింది. వచ్చే ఏడు ఉంది. సూది ఆదివారం భోజనానికి వచ్చింది. అమ్మ దగ్గరుండి కొసరి కొసరి వడ్డించింది. "మా పిల్ల చేతికి కళ్లు తెప్పించావమ్మా" అంటే సూది తల వంచుకుని తింది. ఎంత వినయమో.

నానమ్మగారికి ఎలా ఉందని అమ్మ అడిగింది. సూదికి పొలమారింది. మంచినీళ్లు నేనే అందించాను.

నవంబర్ 6

ప్రింటు షాపుకి వెళ్లాను, నా పోస్టర్ తెచ్చుకుందామని.

నవంబర్ 7

రాయలేను.

నవంబర్ 9

రాస్తాను. రాయకపోతే ఇది నా తలలో తిరుగుతూనే ఉంటుంది.

షాపాయన నా పోస్టర్ చుట్ట కట్టిచ్చి, మీ సొసైటీదే ఇంకొకటి ఉంది, అదీ పట్టుకుపోతారా అన్నాడు. రంగులు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోమని బల్ల మీద పరిచాడు. నాలుగు మూలలా నాలుగు రబ్బరు స్టాంపులు బరువు పెట్టాడు. మధ్యలో పెద్ద ఫోటో. రెండు చేతులు, దారం. ఎడమ చూపుడువేలి మీద కొడవలి ఆకారంలో మచ్చ.

పైన పేరు: ఎడమచేతి విద్యార్థికి ఎదురుగా కూర్చుని ముడులు నేర్పడం, ఒకే విద్యార్థిపై మూడు దశల అధ్యయనం. కింద సూది పేరు, మేడమ్ పేరు.

ఆ కింద గ్రాఫ్. మొదటి దశ, బోధన. చుక్కలు మెట్లెక్కుతున్నాయి. రెండో దశ, నిలిపివేత. చుక్కలు గోతిలో పడ్డాయి. మూడో దశ, పునఃప్రారంభం. మళ్లీ ఎక్కాయి. ప్రతి చుక్కా ఒక మంగళవారం. ప్రతి మంగళవారం ఆఖరి ముడి, నా చేతులు. రెండో దశ ఆగస్టు 26న మొదలు.

అన్నిటికన్నా కింద ఉన్న చుక్క సెప్టెంబర్ 16. నా టెస్ట్. అదీ ఒక కొలతేనట.

"మీ చేతులేనా అమ్మా? బాగా వచ్చాయి" అన్నాడు షాపాయన. నా వేలి మచ్చ గుర్తుపట్టాడు. బాగా వచ్చాయండీ అన్నాను. రెండు చుట్టలూ చంకలో పెట్టుకుని బస్సెక్కాను.

నవంబర్ 10

హాల్లో ఒక్కతే ఉంది, రబ్బరు ముక్కలు సర్దుతోంది. పోస్టర్ విప్పి టేబుల్ మీద పెట్టాను. చూసి, నెమ్మదిగా కూర్చుంది. అలవాటుగా నా ఎదురుగానే.

"నానమ్మ?" అన్నాను.

"బాగానే ఉంది."

"అప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

నేను వార్డులు తిరిగిన సంగతి చెప్పలేదు. అదొక్కటైనా నా దగ్గరే ఉండనీ అనుకున్నాను.

నీళ్లు నమలలేదు, అదొకటి ఒప్పుకోవాలి. అంతా చెప్పింది. ఎదురు కూర్చోవడం వల్లే నాకు వచ్చిందని ఎలా తెలుస్తుంది, రెండేళ్లుగా నేర్చుకున్నది అప్పుడే పండి ఉండొచ్చు కదా. కుర్చీ తీసేస్తే పడిపోవాలి, పెడితే లేవాలి. అప్పుడే అది రుజువు. ఇలాంటి అధ్యయనాలు రోగుల మీద చేస్తారు, మందు ఇచ్చి, ఆపి, మళ్లీ ఇచ్చి. నాకు ముందే చెబితే ఇంట్లో ప్రాక్టీస్ చేసి లెక్క చెడగొడతానట. చెడగొట్టేదాన్నే.

సంవత్సరం మొదట్లో సంతకం పెట్టావు కదా, మన సాధన వీడియోలు పరిశోధనకి వాడుకోవచ్చని అంది. పెట్టాను. అందరం పెడతాం, చాయ్ తాగుతూ. వీడియోలకి పెట్టాను. పలకరించడం మానేయడానికి పెట్టలేదు.

"టెస్ట్ ముందుకి జరిగిందని తెలిశాక?" అన్నాను.

"అప్పుడు కూర్చుంటే అప్పటిదాకా చేసిందంతా వృథా" అంది.

అంతా అంటే చుక్కలు. నా సీటు ఒక చుక్క. నేను మెట్ల మధ్యలో బతిమాలడం బహుశా చుక్క కూడా కాదు, దానికి కొలత లేదు.

నవంబర్ 12

మేడమ్ పిలిపించారు. నాకన్నా ఆవిడే ఎక్కువ కంగారుపడ్డారు. నాకు అంతా తెలుసనే అనుకున్నారట. తెలుసని సూది చెప్పిందట. టెస్ట్ రోజు కూడా, తెలిసి కూడా ఇంత పడిపోయిందంటే కుర్చీ అంత అవసరమన్నమాట అనుకున్నారట. అయితే నన్ను కుడిచేతికి మార్చుకోమని ఎందుకన్నారని అడిగాను. కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చునేవాళ్లు థియేటర్లో దొరకరు కదమ్మా అన్నారు.

ఒకే మనిషి మీద అధ్యయనం కాబట్టి ఆ మనిషి విడిగా సంతకం పెట్టాలని సదస్సు కమిటీ అడిగిందట. అందుకే ఈ వారం నా సంతకం అడగాలనుకుంటున్నారట ఇద్దరూ. కాగితం నా ముందు పెట్టారు. పెడితే పోస్టర్ వెళుతుంది, పెట్టకపోతే ఆగిపోతుంది.

"నీకు కోపం రావడం న్యాయమే. కానీ ఒక్క మాట. ఎడమచేతి వాళ్లకి ఎలా నేర్పాలో రాసినవాళ్లు చాలా తక్కువ. ఇది నాలుగు కాలేజీల వాళ్లు చూస్తే, నాలుగు చోట్ల ఎవరో ఒకరు కుర్చీ జరుపుతారు. అందుకే నిన్ను పిలిచాను" అన్నారు.

అదే కదా నా గొంతులో పడ్డ పచ్చి వెలక్కాయ. పోస్టర్ మంచిది. లెక్క సరైనది. ఇంకెవరి చేతుల మీదైనా చేసుంటే నేనే చప్పట్లు కొట్టేదాన్ని.

నవంబర్ 13

అమ్మకి చెప్పాను. చేతిలో ఉన్న గుడ్డ మొత్తం కత్తిరించింది. తర్వాత, "నేర్పిందా లేదా?" అని అడిగింది.

"నేర్పింది."

"మంచిది. నేర్పినందుకు దండం పెట్టు, చేసినదానికి కడిగెయ్. రెండూ కలిపి మూట కట్టుకుని మొయ్యకు."

అమ్మకి అన్నీ కత్తిరించడం తేలిక. నాకు ఎక్కడ గీత గియ్యాలో తెలియడం లేదు. కుర్చీ లాగిన చప్పుడు నాకు ఇష్టం. ఆ చప్పుడు కూడా దశేనా?

నవంబర్ 15

పోస్టర్ మళ్లీ విప్పాను. మొత్తం చదవలేదప్పుడు. అడుగున, సన్న అక్షరాల్లో, అధ్యయనంలో లోపాలు అని ఉంది. ఒక లోపం: నిలిపివేత దశ అనుకున్నదానికన్నా ఒక వారం ముందే ముగిసింది.

ఒక వారం ముందు.

నేను మెట్ల మీద ఏడ్చింది సెప్టెంబర్ 18. ఆమె ఆగి చూసింది. కుర్చీ తెచ్చింది 23.

చూడలేకపోయింది. అంతే కదా. లెక్క చెడినా ఫర్వాలేదనుకుని వచ్చేసింది. పోస్టర్లో లోపమని రాసుకోవలసి వచ్చినా వచ్చేసింది. ఆ ఒక్క వారం నాది. ఎందుకు చెప్పలేదు మరి? సూది అంతే, మంచి చేస్తే దాచుకుంటుంది.

సంతకం పెట్టేస్తాను. ముందు ఆమె నోటితో ఒకసారి వింటాను, తర్వాత పెట్టేస్తాను. పెన్ను కూడా బ్యాగులో పెట్టుకున్నాను.

నవంబర్ 16

నిద్ర బాగా పట్టింది, చాలా రోజులకి.

నవంబర్ 17

క్యాంటీన్ వెనక బెంచీ మీద కూర్చున్నాం, పక్కపక్కన. కాగితం నా ఒళ్లో ఉంది. ఆమె దాన్ని చూసింది, పెన్నునీ చూసింది.

"వారం ముందు ఎందుకు వచ్చావు?" అని అడిగాను.

నేను ఏం వినాలని వచ్చానో ఆమెకి తెలిసిపోయింది. సూదికి ఎప్పుడూ తెలుస్తుంది.

"నవంబర్లో హాలు పరీక్షలకి ఇచ్చేస్తామని ఆఫీసువాళ్లు చెప్పారు" అంది. "ముందే మొదలుపెట్టకపోతే మూడో దశకి వారాలు చాలవు."

"మెట్ల మీద నన్ను చూశావు కదా."

"చూశాను. వచ్చి కూర్చోవాలనిపించింది." పెన్ను వైపే చూస్తూ, "కూర్చోలేదు" అంది.

ఒక్క అబద్ధం చాలు. నిన్ను చూడలేకపోయానే అంటే చాలు, పెన్ను నా చేతిలోనే ఉంది. గ్రాఫ్ కోసం నెలపాటు బతికున్న నానమ్మని మంచాన పడేసిన మనిషి, నా కోసం ఒక చిన్న అబద్ధం చెప్పలేకపోయింది. ఇకమీదట నీకు అబద్ధం చెప్పకూడదనుకున్నానే అంది. ఎంత బాగా ముహూర్తం చూసుకుందో.

కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. సంతకం పెట్టనని చెప్పాను. ఆమె తల ఊపింది. బతిమాలలేదు. బతిమాలి ఉంటే తిట్టి ఉండేదాన్ని, అది కూడా లేకుండా పోయింది. వెళ్లేటప్పుడు, "వచ్చే టెస్టుకి కుడిచేతికి మాత్రం మార్చకు" అంది.

నవంబర్ 18

మేడమ్‌కి చెప్పేశాను. సరేనన్నారు.

నవంబర్ 25

సదస్సుకి నా పోస్టర్ ఒక్కటే వెళ్లింది. అందరూ బాగుందన్నారు. తోటివాళ్లు నేర్పితే టీచర్లు నేర్పినంతా వస్తుందని తేల్చాను. సంఖ్యలన్నీ నిజం.

డిసెంబర్ 2

సూది ప్రెసిడెంట్‌గా తప్పుకుంది. కారణం చదువు అని బోర్డు మీద రాసింది. గడియారం ఆ బాధ్యత తీసుకున్నాడు. ఇప్పుడు సూది చివరి టేబుల్ దగ్గర కూర్చుంటుంది. నేను అటు చూడను. ఎన్నిసార్లు చూడలేదో నాకే తెలుసు.

నేను ఆమెని క్షమించలేదు. క్షమించానని ఇక్కడ రాసుకుంటే పుస్తకం కూడా నవ్వుతుంది. రోడ్డు మీద ఎవరో తెలియనివాళ్లు మోసం చేస్తే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఈమె నా చేతికి ఏం కావాలో అందరికన్నా బాగా తెలుసుకుని, తెలిసినదాన్నే తీసి పక్కన పెట్టింది.

డిసెంబర్ 9, మంగళవారం

ఫస్టియర్‌లో కొత్తగా ఒక అమ్మాయి చేరింది. దారం తీసుకోవడం చూసే పట్టేశాను, ఎడమచెయ్యి. సీనియర్ పక్కన నిలబడి, కళ్లు చిట్లించి, గాల్లో వేళ్లు తిప్పుకుంటోంది. ఆ తిప్పుకోవడం నాకు తెలుసు. కాసేపు చూడనట్టు నటించాను. కుదరలేదు.

నా దగ్గరికి రమ్మన్నాను. కుర్చీ తెచ్చి ఎదురుగా వేసుకోబోయింది, ఎవరో చెప్పారట. ఎదురుగా వద్దు, పక్కన కూర్చో అన్నాను. మన ఇద్దరిదీ ఒకే చెయ్యి, నా పక్కనే ఉంటే ఏదీ తిప్పక్కర్లేదు. పక్కన కూర్చుంది. తాళాన్ని నొక్కకుండా బొటనవేలితో వెనక్కి ఎలా లాగాలో చూపించాను. ఒంటిచేతి ముడి నెమ్మదిగా వేసి చూపించాను. ఆమె వేసింది. జారింది. మళ్లీ వేసింది. నిలబడింది. దాన్ని లాగి లాగి చూసుకుంటుంటే చాలు అనబోయి ఆగాను.

అప్పుడు చూశాను. బిగించేటప్పుడు ఆ పిల్ల చిటికెన వేలు పైకి లేచింది.

"ఆ వేలెందుకు లేపావు?" అని అడిగాను.

"మీరు లేపారు కదక్కా" అంది.

నేను లేపనని చెప్పాను. అది ముడిలో భాగం కాదు, వేరేవాళ్ల అలవాటు, నేర్చుకోనక్కర్లేదు అన్నాను. చివరి టేబుల్ వైపు చూడకుండా కొత్త దారం తీసుకున్నాను. ఇలా వెయ్యాలి, వేలు కిందే ఉండాలి, చూడు అని, జాగ్రత్తగా, నా కళ్లతో నేనే కాపలా కాస్తూ వేశాను.

లేచింది.